పెద్ద వాటర్ పంప్ వేశా, తగ్గింది రెండు డిగ్రీలే! ఎందుకు?

పాలకొల్లు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, స్పోర్ట్స్ కారుకి హై ఫ్లో వాటర్ పంప్ వేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందా?" ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, ఒక్కోసారి ఉంటుంది, చాలాసార్లు ఉండదు. ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో తెలుసుకోడానికి నాకు పద్నాలుగు వేలు, రెండు నెలలు పట్టాయి. మా తమ్ముడికి చెయ్యి కాలింది. అందుకే ఈ వీడియో కొంచెం సీరియస్‌గా చేస్తున్నా, చివరిదాకా ఉండండి.

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానికల్ కాదు. బీటెక్‌లో సీఎస్ఈ, తర్వాత హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు ఇదిగో మీ ముందు. ఉద్యోగం చేసిన రోజుల్లో దాచుకున్న డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కూపే కొన్నా. పాత బండి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు, నాది.

మే నెల. మధ్యాహ్నం. నేనూ, మా చిన్నాన్న కొడుకూ దిండి వైపు నుంచి ఇంటికి వస్తున్నాం. పెళ్ళిళ్ళ సీజన్. చించినాడ వంతెన మీద బళ్ళన్నీ నత్తనడక. కింద వశిష్ఠ గోదావరి, పైన ఎండ, లోపల ఏసీ ఫుల్. టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి మెల్లగా లేచింది. చూశా. "ట్రాఫిక్ కదా, వంతెన దిగితే తగ్గిపోద్దిలే" అనుకున్నా. వంతెన దిగేసరికి ముల్లు ఎర్ర గీత మీద ఉంది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి. పక్కకి ఆపా.

నేను ఫోన్ తీసి మెకానిక్‌కి చేస్తున్నా. ఆ ఒక్క నిమిషంలో మావాడు దిగి, బానెట్ ఎత్తి, చేతిలో గుడ్డ పెట్టుకుని రేడియేటర్ మూత తిప్పేశాడు. "అన్నయ్యా, నీళ్ళు పోద్దామని" అన్నాడు తర్వాత. కుడి అరచెయ్యీ, మణికట్టూ కాలిపోయాయి. ఎనిమిది రోజుల్లో వాడికి ఈఏపీసెట్ ఉంది.

మూత తీస్తే అలా ఎందుకు ఎగజిమ్ముతుందో ఇప్పుడే చెప్తా, ఎందుకంటే ఈ వీడియోలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే అది ఇదే అవ్వాలి. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగ్ ఉంటుంది, అది లోపల అదనంగా సుమారు 1 బార్ ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో నీళ్ళు మరగాలంటే 120 డిగ్రీలు కావాలి. అంటే లోపల 110 డిగ్రీల నీళ్ళు మరక్కుండా కూర్చుని ఉన్నాయి. మూత తిప్పారు, ఒత్తిడి పోయింది, అవన్నీ ఒక్కసారిగా మరగడం మొదలెట్టాయి. మన వంటింట్లో కుక్కర్ విజిల్ ఎత్తకుండా మూత లాగేస్తే ఏమవుతుందో అదే.

సరే, వాణ్ణి ఆసుపత్రిలో చూపించాం. తర్వాత రెండ్రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. మూడో రోజు ఏం చేశానంటే, మనలాంటి వాళ్ళు చేసేదే. ఫోన్ తీసి వెతికా. "కారు హీట్ అవుతోందా? అప్‌గ్రేడ్ చెయ్యి." పెద్ద ఇంపెల్లర్, ఎక్కువ రెక్కలు, అల్యూమినియం బాడీ, మెరిసిపోతున్న హై ఫ్లో పంప్. ఆర్డర్ పెట్టేశా. పద్నాలుగు వేలు.

ఇక్కడ ఆగి, అసలు ఆ పంప్ ఏం చేస్తుందో చూద్దాం.

ఇంజన్‌లో మనం పోసే పెట్రోల్ శక్తిలో, స్థూలంగా చెప్పాలంటే, మూడో వంతు చక్రాలకి, మూడో వంతు సైలెన్సర్‌లోంచి వేడిగా బయటికి, మిగిలింది ఇంజన్ గోడల్లోంచి కూలెంట్‌కి పోతుంది. 150 హార్స్‌పవర్ బండి ఫుల్‌గా లాగుతుంటే కూలెంట్ మోయాల్సిన వేడి ఓ 60 కిలోవాట్లు అనుకుందాం. మన బాత్రూమ్ గీజర్ 2 కిలోవాట్లు. అంటే 30 గీజర్లు ఒకేసారి ఆన్ చేసినంత వేడి. దాన్ని ఇంజన్ దగ్గర్నుంచి రేడియేటర్ దాకా మోసుకెళ్ళాలంటే, కూలెంట్ ఇంజన్లోకి వెళ్ళేటప్పటికీ బయటికి వచ్చేటప్పటికీ 8 డిగ్రీలు తేడా ఉందనుకుంటే, సెకనుకి దాదాపు 2 లీటర్లు తిరగాలి. నిమిషానికి 120 లీటర్లు. పెద్ద బకెట్ తొమ్మిది సెకన్లలో నిండిపోతుంది. పంప్ చేసే పని ఇదీ, మోయడం.

గమనించారా? పంప్ చల్లబరచదు. మోస్తుంది. చల్లబరిచేది రేడియేటర్, దాంట్లోంచి దూసుకెళ్ళే గాలి.

ఇది కొత్త విషయమేం కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ తెలుసు కదా? మొదటి 2,500 కార్లకి వాటర్ పంప్ ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు. వేడి నీళ్ళు తేలికై పైకి లేస్తాయి, చల్లారినవి కిందికి దిగుతాయి, ఆ కదలికతోనే చిన్న ఇంజన్‌కి సరిపోయింది. అంతకు ముందే, 1900లో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకి తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. 8,070 చిన్న చిన్న గొట్టాలు, వెనకాల ఒక ఫ్యాన్. గాలికి తగిలే ఉపరితలం ఎంత పెరిగిందంటే, 9 లీటర్ల నీళ్ళతోనే ఆ బండి నడిచేది. ఆ రోజుల్లో అది రేస్ కారు. దాన్ని నిలబెట్టింది పెద్ద పంప్ కాదు, మంచి రేడియేటర్.

ఇవన్నీ అప్పుడు నాకు తెలీదు. పంప్ వచ్చింది. మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన పాత పంప్ విప్పి చూసి, "బాబూ, దీని రెక్కలు చూడండి" అని చేతిలో పెట్టారు. రేకు ఇంపెల్లర్, అంచులు తుప్పు తినేసి బిస్కెట్ కొరికినట్టున్నాయి. షాఫ్ట్ దగ్గర చిన్న కన్నం ఉంటుంది, దాని చుట్టూ కారిన మరక. ఆ కన్నం కావాలనే పెడతారు. లోపల సీల్ అరిగితే నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారి మనకి చెప్పడానికి. అది ఎన్నాళ్ళ నుంచి చెప్తుందో, నేను వినలేదు.

కొత్తది బిగించాం. నాకు నమ్మకం వచ్చేసింది. అయినా సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, కొలవకుండా ఉండలేను. ఓబీడీ పోర్ట్‌కి బ్లూటూత్ స్కానర్ పెట్టి, ముందు రోజూ తర్వాత రోజూ లాగ్ తీశా. డ్యాష్‌బోర్డ్ ముల్లుని నమ్మకండి, చాలా కార్లలో ఆ ముల్లు ఒక రేంజ్ అంతా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటుంది. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం. స్కానర్‌లో అసలు అంకె కనిపిస్తుంది.

అదే టైమ్, అదే ఏసీ, సంత రోజు పాలకొల్లు ట్రాఫిక్. పంప్ మార్చక ముందు 108. మార్చాక 106.

రెండు డిగ్రీలు. పద్నాలుగు వేలకి రెండు డిగ్రీలు.

ఆ రోజు సాయంత్రం మొహం వేలాడేసుకుని చెరువు గట్టు మీద కూర్చున్నా. మాకు రొయ్యల చెరువుంది. నాన్న మోటారు దగ్గర ఏదో సర్దుతున్నారు. జరిగింది చెప్పా. ఆయన కారు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఏరా, ఆ ఏడు ఐదు హెచ్‌పీ తీసి ఏడున్నర వేశాం గుర్తుందా? నీళ్ళు ఏమన్నా ఎక్కువొచ్చాయా? పైపు అదే ఉంచి మోటారు మారిస్తే పెరిగేది కరెంటు బిల్లేరా" అన్నారు.

అంతే. నాలుగేళ్ళు ఉద్యోగంలో నేను చేసిన పనే అది. యాప్ నెమ్మదిగా ఉందంటే పెద్ద సర్వర్ కొనమని ఎవరూ అనరు, ఎక్కడ ఆగుతుందో ముందు చూడమంటారు. సొంత బండి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయా.

లెక్క కూడా నాన్న మాటే చెప్తుంది. చూడండి. కూలెంట్ 95 డిగ్రీలతో రేడియేటర్‌లోకి వెళ్ళి 87తో బయటికి వస్తుందనుకుందాం. సగటు 91. బయట గాలి 40. రేడియేటర్ ఎంత వేడి వదులుతుందనేది దాదాపు ఈ సగటుకీ గాలికీ మధ్య తేడా మీద ఉంటుంది, అంటే 51 డిగ్రీలు. ఇప్పుడు పంప్ మార్చి ఫ్లో రెట్టింపు చేశాం. వదలాల్సిన వేడి అంతే కాబట్టి, రేడియేటర్ అదే కాబట్టి, సగటు దాదాపు అక్కడే ఉంటుంది. మారేది ఏంటంటే 8 డిగ్రీల తేడా 4 అవుతుంది. 93తో వెళ్ళి 89తో వస్తుంది. ఇంజన్ నుంచి బయటికొచ్చే వేడి 95 నుంచి 93కి తగ్గింది. రెండు డిగ్రీలు! నిజం బండిలో ఇంకా చాలా విషయాలు కలుస్తాయి, నాకొచ్చిన అంకె అచ్చంగా ఈ లెక్క వల్లే అని చెప్పను. కానీ దారి మాత్రం ఇదే.

ఇంకో సంగతి. సెంట్రిఫ్యూగల్ పంప్‌ని రెట్టింపు వేగంతో తిప్పితే నీళ్ళు రెట్టింపు వస్తాయి, అది తినే పవర్ మాత్రం ఎనిమిది రెట్లు. ఆ పవర్ మీ ఇంజన్‌దే. పైగా మరీ వేగంగా తిప్పితే ఇంపెల్లర్ లాగే వైపు ఒత్తిడి పడిపోయి, అక్కడ వేడి నీళ్ళలో ఆవిరి బుడగలు పుడతాయి. అవి రెక్కల మీద పగిలి లోహాన్ని తినేస్తాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. ఫ్లో పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

అన్నట్టు, కామెంట్లలో ఎప్పుడూ కనిపించే మాట ఒకటుంది. "నీళ్ళు మరీ స్పీడ్‌గా వెళ్తే రేడియేటర్‌లో చల్లారే టైమ్ ఉండదు బ్రో." ఇది తప్పండి. ఒక్కో చుట్టులో టైమ్ తక్కువే, కానీ చుట్లు ఎక్కువ. ఫ్లో పెరగడం వల్ల బండి వేడెక్కదు. ఫ్లో పెంచినా పెద్దగా లాభం ఉండకపోవచ్చు, అంతవరకే నిజం.

ఈ నమ్మకం వల్లే కొందరు, దీనికి వ్యతిరేకమైన నమ్మకంతో ఇంకొందరు థర్మోస్టాట్ మీద పడతారు. మన దగ్గర బండి హీట్ అంటే చాలు, "ఇది మన ఎండలకి అక్కర్లేదు" అని థర్మోస్టాట్ పీకేస్తారు. పీకేస్తే హైవే మీద ఇంజన్ ఉండాల్సిన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుద్ది, ఆయిల్ పాడవుద్ది. ఇంకా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన మళ్ళీ ఇంజన్లోకే వస్తాయి. చల్లబరుద్దామని తీసింది, వేడెక్కిస్తుంది.

సరే, మరి నా బండిలో జబ్బు ఎక్కడుంది? మర్నాడు పొద్దున్నే బాబాయ్ దగ్గరికి వెళ్ళి, ఈసారి కొనడానికి కాదు, వెతకడానికి కూర్చున్నాం. ఇంజన్ వేడెక్కాక టెంపరేచర్ గన్‌తో రేడియేటర్ మీద అంగుళం అంగుళం చూశాం. పైన వేడి, పక్కన వేడి, కింద ఒక మూల అంతా చల్లగా. రేడియేటర్ చల్లగా ఉంటే మంచిదే కదా అనుకుంటారు. కాదు. ఆ మూలకి నీళ్ళే వెళ్ళట్లేదు. గొట్టాలు పూడిపోయాయి.

విప్పి చూస్తే లోపల తెల్లటి పొర, తుప్పు బురద. బాబాయ్ వేలితో గీకి, "ఎక్కడి నీళ్ళు పోశారండి?" అన్నారు. ఇంటి బోరు నీళ్ళు. మన డెల్టాలో, సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. తాగితే ఉప్పు, బకెట్‌కి తెల్ల మచ్చలు. కూలెంట్ తగ్గినప్పుడల్లా అవే పోసేవాణ్ణి. "మన ఊళ్ళో మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు" అని నా తెలివి. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండడానికి మాత్రమే కాదండి. మరిగే ఉష్ణోగ్రత పెంచుతుంది, తుప్పు పట్టకుండా ఆపుతుంది, పంప్ సీల్‌ని కాపాడుతుంది. నేను పోసిన ఉప్పునీళ్ళు పాత పంప్ రెక్కల్నీ తిన్నాయి, రేడియేటర్‌నీ పూడ్చాయి.

రెండోది ఫ్యాన్. రెండు స్పీడ్లు ఉండాలి. మొదటిది తిరుగుతోంది, రెండోది చచ్చిపోయింది. బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే వస్తుంది. వంతెన మీద ఆగిపోతే గాలి తెచ్చేది ఫ్యాన్ ఒక్కటే. ఏసీ ఆన్‌లో ఉంటే రేడియేటర్ ముందుండే కండెన్సర్ ఆ గాలిని ముందే వేడి చేసి పంపుతుంది. నా బండి చించినాడ వంతెన మీద ఎందుకు మరిగిందో ఇప్పుడు అర్థమైందా?

ఇక్కడ ఒక చిట్కా రాసుకోండి. ట్రాఫిక్‌లో హీట్ అయ్యి, రోడ్డెక్కితే తగ్గిపోతుంటే ముందు ఫ్యాన్‌ని అనుమానించండి. ట్రాఫిక్‌లో బాగుండి, హైవే మీద ఎక్కుతుంటే రేడియేటర్ పూడికో, ఫ్లో తగ్గడమో. రెండు చోట్లా ఎక్కుతుంటే, కూలెంట్ కూడా మాయమవుతుంటే లీక్, లేదా హెడ్ గాస్కెట్.

రేడియేటర్ బాగు చేయించాం, ముందు ఇరుక్కున్న దుమ్మూ రెక్కల పురుగులూ కడిగాం, ఫ్యాన్ సరి చేశాం, కొత్త మూత, బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్ళతో సగానికి సగం కూలెంట్. అంతా కలిపి పంప్ ఖర్చులో సగం కూడా కాలేదు. మళ్ళీ అదే రోడ్డు, అదే ఏసీ, సంత రోజు. 96.

"అయితే పంప్ అప్‌గ్రేడ్ దండగేనా అన్నా?" కాదు. నా బండికి పంప్ మార్చాల్సిందే, రెక్కలు పోయాయి కదా. కానీ కంపెనీ ఇచ్చే మామూలు పంప్ చాలు. అప్‌గ్రేడ్ ఎవరికి అంటే, ఇంజన్ పవర్ బాగా పెంచినవాళ్ళకి, టర్బో వేసినవాళ్ళకి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై లాంటి ట్రాక్ మీద ల్యాప్ తర్వాత ల్యాప్ ఫుల్‌గా తొక్కేవాళ్ళకి. అది కూడా రేడియేటర్, ఫ్యాన్, మూత అన్నీ బాగున్నాయని తేలాక.

అలాంటివాళ్ళకి ఎలక్ట్రిక్ పంప్ అనే దారి ఉంది. బెల్ట్ పంప్ ఇంజన్‌తో కట్టేసిన ఎద్దు. ఇంజన్ ఐడిల్‌లో ఉంటే అదీ నెమ్మది, ఇంజన్ ఏడు వేల ఆర్‌పీఎమ్ తిరిగితే అదీ అంతే పరుగు, అవసరం ఉన్నా లేకపోయినా. ఎలక్ట్రిక్ పంప్ అవసరాన్ని బట్టి తిరుగుతుంది. ట్రాఫిక్‌లో ఇంజన్ ఐడిల్‌లో ఉన్నా ఫుల్‌గా తిరగొచ్చు, ఇంజన్ ఆపేశాక కూడా కాసేపు తిరిగి టర్బోని చల్లార్చగలదు. బీఎండబ్ల్యూ 2004లో తెచ్చిన ఎన్52 ఇంజన్‌లో ఇదే పెట్టింది. 2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్ ఇంజన్‌కి అసలు బెల్టే లేదు. విడిగా కొనుక్కుని బిగించుకోడానికి ఆస్ట్రేలియాకి చెందిన డేవిస్ క్రెయిగ్ లాంటి కంపెనీలు అమ్ముతున్నాయి. ఆ మోడళ్ళ పేర్లలో 80, 115, 150 అని ఉండేది నిమిషానికి ఎన్ని లీటర్లో. మనం ఇందాక లెక్కేసిన 120 గుర్తుంది కదా, దాంతో పోల్చుకోండి. అయితే ఒక మాట. ఫ్యూజ్ పోయినా, వైర్ ఊడినా ఆ పంప్ ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే కంట్రోలర్, వార్నింగ్ లైట్ లేకుండా వేయకండి. వారంటీలో ఉన్న బండికి అసలు ముట్టుకోవద్దు.

ఇంజన్ లేని కార్లకి ఈ గోల ఉండదనుకుంటున్నారా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగింది కదా. ఎలక్ట్రిక్ కార్లలోనూ వేడి పుడుతుంది, దాన్ని కూడా మోసి బయట పారేయాల్సిందే. పెట్రోల్ పోయినా పంప్ పోదు.

కాబట్టి మీ బండి హీట్ అయితే ఏ వరసలో చూడాలో చెప్తా. మొదట కూలెంట్ లెవెల్, లీకులు. తర్వాత మూత. తర్వాత ఫ్యాన్, రెండు స్పీడ్లూ. తర్వాత రేడియేటర్, బయటా లోపలా. తర్వాత థర్మోస్టాట్. అప్పుడు పంప్. అన్నీ బాగుండి ఇంకా ఎక్కుతుంటే, అప్పుడు అప్‌గ్రేడ్ గురించి మాట్లాడుకుందాం. మీ ఇంజన్‌లో పంప్‌ని టైమింగ్ బెల్ట్ తిప్పుతుంటే, బెల్ట్ మార్చినప్పుడే పంప్ కూడా మార్చేయండి, విప్పిన కూలి ఒక్కసారే అవుతుంది.

ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తే, ఏసీ ఆపండి, హీటర్ ఫుల్ పెట్టండి. చెమటలు పడతాయి, పర్లేదు, అది కూడా ఒక చిన్న రేడియేటరే. చోటు దొరగ్గానే పక్కకి ఆపి ఇంజన్ ఆపండి. "ఇంకో కిలోమీటరే కదా" అనుకోవద్దు, ఆ కిలోమీటరే హెడ్ వంచుతుంది. మూత మాత్రం ముట్టుకోవద్దు. కనీసం అరగంట, గంట ఆగాలి. పై గొట్టం పట్టుకుంటే చల్లగా, మెత్తగా అనిపించాలి. బండిలో ఇంకెవరైనా ఉంటే మీరు ఫోన్ చేసే ముందే వాళ్ళకి చెప్పండి, మూత జోలికి పోవద్దని. నేను చెప్పలేదు.

ఒకవేళ కాలితే, ఇరవై నిమిషాలు ధారగా చల్లటి నీళ్ళ కింద పెట్టండి. పేస్టూ, పసుపూ, ఐసూ రాయకండి. తర్వాత నేరుగా డాక్టర్ దగ్గరికి.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తా. చేతికి కట్టుతోనే ఈఏపీసెట్‌కి వెళ్ళాడు. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని రాశాడు. సీటు వచ్చింది. ఏ బ్రాంచ్ తీసుకున్నాడో తెలుసా? మెకానికల్. "ఎందుకురా?" అంటే, "ఇంట్లో ఒక్కడికన్నా తెలియాలి కదా అన్నయ్యా" అన్నాడు.

మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది. నా కారులో ఎక్కినప్పుడల్లా ముందు స్కానర్ అంకె చూసి, తర్వాతే సీటు బెల్టు పెట్టుకుంటాడు.

మీ బండి అంకె ఎంతో ఈ వారం చూసి కింద రాయండి. ట్రాఫిక్‌లో ఎంత, హైవే మీద ఎంత, రెండూ. ఉంటానండి, ఆయ్.